గోడవార పెంచుతున్న ఆపిల్‌కు పూత పెరగాలంటే కత్తిరింపు ఎప్పుడు?

ప్రశ్న (సైనిక్‌పురి, హైదరాబాదు):
మా తూర్పు ప్రహరీకి మూడు వరుసల జీఐ తీగ లాగి, అన్నా రకం ఆపిల్ అంటును ఎస్పాలియర్ పద్ధతిలో, అంటే కొమ్మలను తీగల వెంట ఇరువైపులా పరిచి పెంచుతున్నాము. ఏటా డిసెంబరులో కొత్త కొమ్మలను పొట్టిగా కత్తిరిస్తున్నాము. వేసవి నాటికి నిటారు చివుళ్లు గుబురుగా లేస్తున్నాయి గాని, పూత రెండు మూడు గుత్తులకు మించడం లేదు. లోపం చలిదా, కత్తిరింపుదా? అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

జవాబు 1:
రెండూ ఉన్నాయి, కానీ మీ చేతిలో ఉన్నది కత్తిరింపే. చలికాలంలో కొమ్మలను పొట్టిగా నరికితే, వేర్లలో నిల్వ ఉన్న బలమంతా మిగిలిన కొద్ది మొగ్గల్లోకే ఎగదన్ని ఆకు కొమ్మలుగా మారుతుంది. పైగా అంతకు ముందే ఏర్పడిన పూమొగ్గలు కొన్ని ఆ నరికిన కొమ్మలతోపాటే పోతాయి. ఇంగ్లండులో ఎస్పాలియర్ చెట్లకు ఆగస్టు ప్రాంతంలో కత్తిరింపు చేస్తారు. మనం నెలను కాక కొమ్మను చూడాలి: మొదలు గట్టిపడి, ఆకు ముదిరి, చివర ఎదుగుదల ఆగినప్పుడు సికేటర్ (కొమ్మలు కత్తిరించే కత్తెర) పట్టవచ్చు. అడ్డకొమ్మ నుంచి నేరుగా లేచినవి జానెడు దాటితే, అడుగున ఉన్న ఆకుల గుత్తిని వదిలేసి, ఆపైన మూడు ఆకులు లెక్కపెట్టి కత్తిరించండి. గతంలో కత్తిరించిన కొమ్మ మోడు నుంచి వచ్చిన పిలకకైతే ఆ గుత్తిపైన ఒక్క ఆకు ఉంచితే చాలు. జానెడు లోపు కొమ్మలను ముట్టుకోవద్దు. వాటి కొసన తరచూ పూమొగ్గే ఉంటుంది.

పక్కలకు సాగే కొత్త కొమ్మను ఒకేసారి పడుకోబెట్టకుండా, ముందు ఏటవాలుగా కట్టి, ఎదుగుదల ఆగాక తీగ మీదికి దించండి. జామలో కొమ్మలు వంచి పూత తెప్పించే వారికి ఇందులోని కిటుకు తెలిసిందే: కొన నిటారుగా ఉన్నంతకాలం అది కింది మొగ్గలను అణచి ఉంచుతుంది.

జవాబు 2:
పై సలహాకు చలి సంగతి చేర్చాలి. ఇజ్రాయెల్‌లో రూపొందిన అన్నాకు సిమ్లా రకాలంత చలి అక్కర్లేదు గాని, హైదరాబాదు చలి దానికీ చాలదు. ఇండోనేషియాలోని మలాంగ్ ప్రాంతంలో చలికాలమే లేకపోయినా, కాయ కోశాక ఆకంతా చేత్తో దూసి మళ్లీ పూత తెప్పిస్తారు. దానిమ్మకు బహార్ పట్టినట్టే (నీళ్లు ఆపి, మళ్లీ ఇచ్చి పూత తెప్పించినట్టే), మీరూ డిసెంబరులో కొన్నాళ్లు నీళ్లు ఆపి బెట్టకు వదిలి, ఆకు దూసి, ఆ తరువాత తడి ఇచ్చి చూడండి. యూరియా ఆపండి. పూమొగ్గ బొద్దుగా, నూగుతో ఉంటుంది. ఆకుమొగ్గ సన్నగా కొమ్మకు అతుక్కుని ఉంటుంది. ఆకు దూసేటప్పుడు మొగ్గ ఊడకుండా కాడ వరకే తుంచాలి.

పక్కన డార్సెట్ గోల్డెన్ రకం ఆపిల్ మొక్క ఒకటి ఉండాలి. అది అన్నాతోపాటే పూస్తుంది. పరపరాగం (వేరే రకం పుప్పొడి) అందకపోతే పూత ఎంత వచ్చినా కాయ అంతగా నిలవదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. అయితే ఈ డిసెంబరులో కత్తిరింపు పూర్తిగా మానేయవచ్చా?

జవాబు 1:
ఎండిన పుల్లలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసేయండి. తక్కినవి అలాగే వదిలేయండి.