ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఇంటికి 'బిడ్' అంటే వేలం పాడుకోవడమా?

కొత్తగా_ఐఎల్ఆర్:
అందరికీ నమస్కారం. ఇంట్లో నలుగురికీ ఐఎల్ఆర్ (యూకేలో కాలపరిమితి లేకుండా ఉండే అనుమతి) ఉంది. బాబుకు 11, పాపకు 8. ఒక బెడ్‌రూమ్, ఒక హాలు ఉన్న ప్రైవేటు ఫ్లాట్‌లో అద్దెకుంటున్నాం. కౌన్సిల్ ఇంటికి (స్థానిక ప్రభుత్వం తక్కువ అద్దెకు ఇప్పించే ఇల్లు) పేరు రాయించుకుని బిడ్ చేయాలంటున్నారు. ఎక్కువ అద్దె ఇస్తానన్నవాళ్లకు ఇస్తారా, లేక ముందు క్లిక్ చేసినవాళ్లకా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

వరుసలో_ముందు:
రెండూ కాదండీ. బిడ్ అంటే 'ఈ ఇల్లు మాకు కావాలి' అని చెయ్యెత్తడమే. పెన్నీ కూడా కట్టక్కర్లేదు, అద్దె ప్రకటనలోనే ఉంటుంది. డబ్బిస్తే ముందుకు జరిపిస్తానని ఎవరైనా అంటే అది మోసం.

చాలా కౌన్సిళ్లలో ఇళ్లు వారానికో విడతగా పెడతారు, విడతకు రెండు మూడు బిడ్లు వేయనిస్తారు. గడువు ముగిశాక ముందు బ్యాండ్ (అవసరం ఎంత ఉందో చూసి కౌన్సిల్ పెట్టే వర్గం) చూస్తారు, ఒకే బ్యాండ్‌లో ఉన్నవాళ్లలో ప్రయారిటీ తేదీ (వరుసలో మీ వంతు లెక్క మొదలైన రోజు) పాతదైనవాళ్లు పైన ఉంటారు. కొన్ని చోట్ల బ్యాండ్లకు బదులు పాయింట్లు. ఇలాంటి చోట మొదటి నిమిషంలో క్లిక్ చేసినా చివరి గంటలో చేసినా ఒకటే. పొద్దున మీ స్థానం 6 అని చూపిస్తే సంబరపడకండి, పైబ్యాండ్ వాళ్లు సాయంత్రం బిడ్ వేస్తే అది 30 అవుతుంది. సైట్ ఒప్పుకుంటే గడువుకు ముందు ఒకసారి చూసి, ఆశ లేని బిడ్‌ను వెనక్కి తీసుకుని వేరే ఇంటికి వేయండి.

ఇటీవల ఇచ్చిన ఇళ్ల జాబితా సైట్‌లో ఉంటే తప్పక చూడండి. ఏ ప్రాంతంలో మూడు బెడ్‌రూముల ఇల్లు ఏ బ్యాండ్‌కు, ఏ తేదీ వాళ్లకు వచ్చిందో తెలుస్తుంది. మీకు ఎన్నేళ్లు పట్టవచ్చో అదే చెబుతుంది. 2024లో ఇంగ్లండ్ మొత్తం మీద 13 లక్షలకు పైగా కుటుంబాలు వరుసలో ఉన్నాయి. ఆ సంఖ్య కంటే మీ కౌన్సిల్ జాబితానే మీకు పనికొస్తుంది.

గదుల_లెక్క:
మీ కేసులో గదుల లెక్కే బలం. పదేళ్లు దాటిన అబ్బాయి, చెల్లెలు ఒకే గదిలో ఉండాలని సాధారణంగా అడగరు కాబట్టి మీకు మూడు బెడ్‌రూములు కావాలి, అంటే రెండు తక్కువ. 1985 హౌసింగ్ చట్టం లెక్క వేరు. అందులో హాలు కూడా గదే. రెండు గదులకు గరిష్ఠంగా 3 మంది. పదేళ్లు నిండినవాళ్లు ఒక్కొక్కరు 1, ఏడాది నుంచి పదేళ్ల లోపు పిల్లలు అర. మీరు 3.5. అంటే చట్టం ప్రకారం కూడా ఇరుకే. గదుల కొలతలతో సహా ఈ లెక్కను దరఖాస్తులో రాయండి. 'ఇల్లు చిన్నది' అని ఒక్క ముక్క రాసి వదిలేసేవాళ్లే ఎక్కువ, అక్కడే బ్యాండ్ పోతుంది.

బ్యాండ్ తక్కువ ఇచ్చారనిపిస్తే ఉత్తరంలో ఇచ్చిన గడువులోపు రీవ్యూ అడగండి. చాలా చోట్ల అది 21 రోజులు.

కాగితాలు_సిద్ధం:
అప్లై చేసేముందు మీ కౌన్సిల్ 'అలొకేషన్ స్కీమ్' (ఇళ్లు ఎవరికి ఎలా ఇస్తారో చెప్పే నియమాలు) పత్రం చదవండి. ఆ ఊళ్లో ఎన్నేళ్లు ఉండాలి, ఆదాయం, పొదుపు ఎంత దాటకూడదు అన్నవి కౌన్సిల్‌ను బట్టి మారతాయి. ఈ-వీసా షేర్ కోడ్ (మీ ఐఎల్ఆర్‌ను ఆన్‌లైన్‌లో చూపించే కోడ్; 90 రోజులే చెల్లుతుంది, ఆఫర్ సమయానికి కొత్తది తీయాలి), అద్దె ఒప్పందం, పాత చిరునామాలు, చైల్డ్ బెనిఫిట్ ఉత్తరం, బ్యాంక్ స్టేట్‌మెంట్లు సిద్ధం చేసుకోండి.

లిస్టులో మొదటి స్థానం వచ్చాక కూడా ఇల్లు చేజారేది ఇక్కడే: అద్దె బకాయి, చెప్పని చిరునామా మార్పు, ఫోన్ ఎత్తకపోవడం. ఇంకో పిల్లో పిల్లాడో పుడితే ఆ వారమే చెప్పండి. బ్యాండ్ పెరిగితే చాలా స్కీముల్లో ప్రయారిటీ తేదీ ఆ మార్పు రోజు నుంచి లెక్కిస్తారు, ఆలస్యం మీకే నష్టం. ఉండలేని ప్రాంతానికి బిడ్ వేయకండి, ఆఫర్ కాదంటే కొంతకాలం సస్పెండ్ చేసే కౌన్సిళ్లున్నాయి. 'అఫర్డబుల్ రెంట్' అని ఉంటే అది మార్కెట్ అద్దెలో 80 శాతం దాకా ఉండొచ్చు, సోషల్ రెంట్ (మామూలు కౌన్సిల్ ఇళ్ల తక్కువ అద్దె) కంటే బాగా ఎక్కువ.

స్కిల్డ్ వర్కర్, స్టూడెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే: మామూలుగా మీకు అర్హత లేదు. దరఖాస్తులో తప్పు చెప్పడం నేరం.

కొత్తగా_ఐఎల్ఆర్:
చాలా థాంక్సండీ. ఈలోగా ఓనరు ఖాళీ చేయమని నోటీసు ఇస్తే?

కాగితాలు_సిద్ధం:
తాళాలు ఇచ్చేయకండి. 56 రోజుల్లోపు ఇల్లు పోయే పరిస్థితి ఉంటే ఆపడానికి సాయం చేసే బాధ్యత కౌన్సిల్‌ది, 2017 చట్టం అలా పెట్టింది. నోటీసు కాపీతో ఆ రోజే హోమ్‌లెస్‌నెస్ విభాగానికి వెళ్లండి. మీరంతట మీరే ముందుగా ఖాళీ చేస్తే 'కావాలనే ఇల్లు పోగొట్టుకున్నారు' అనే ప్రమాదం ఉంది.