బర్నింగ్ మ్యాన్‌లో నగ్నత్వం: ఆడవారికీ మగవారికీ ఒకే కొలత ఉందా?

మరుభూమి:
అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, బ్లాక్ రాక్ ఎడారిలో ఏటా జరిగే బర్నింగ్ మ్యాన్ అనే కళోత్సవానికి దాని స్థాపకుల్లో ఒకరైన ల్యారీ హార్వే 2004లో రాసిన పది సూత్రాల్లో స్వీయ వ్యక్తీకరణ ఒకటి కనుక, బట్టలు కట్టుకోవడమూ మానడమూ అక్కడ ఎవరి ఇష్టం వారిది. అయితే స్త్రీలు రొమ్ములకు రంగులు పూసుకుని సైకిళ్ళ మీద సాగిన ‘క్రిటికల్ టిట్స్’ ఊరేగింపును జనం కేరింతలతో సాగనంపేవారు. చొక్కా మాత్రమే తొడుక్కుని కింద ఏమీ లేకుండా తిరిగే మగవాణ్ణి ‘షర్ట్‌కాకర్’ అని వెక్కిరిస్తారు, ప్యాంటు తెచ్చి చేతిలో పెట్టేవారూ ఉన్నారు. ఇది న్యాయమేనా?

నూలుపోగు:
మరుభూమి గారూ, ఆ నవ్వు నగ్నత్వాన్ని చూసి కాదు. ఒళ్ళంతా వెండిరంగు పూసుకున్న మగవాణ్ణి అలా వెక్కిరించరు. చొక్కా ఉంచుకుని లాగు మాత్రం విప్పినవాడు అలంకరించుకోనూ లేదు, అన్నీ వదిలేయనూ లేదు; అతడు చూపించదలచినది ఏమిటో చూసేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

మరుభూమి:
భుజాలు ఎండకు కమిలిపోతాయని చొక్కా వేసుకున్నానంటే? ఆ నేల మీది తెల్లని క్షారధూళికి పాదాలు పగిలి, వెనిగర్ కలిపిన నీళ్ళతో కడుక్కోవలసి వస్తుంది కాబట్టి, పూర్తి నగ్నంగా తిరిగేవారు సైతం బూట్లూ గాగుల్సూ వదలరు. బూట్లకు లేని తప్పు చొక్కాకు ఎందుకు?

గవ్వలపేరు:
మీరిద్దరూ మగవాడి చొక్కా దగ్గరే ఆగిపోయారు. అలంకారమే కొలతైతే దాని బరువు ఎవరి మీద పడుతోంది? మగవాడు ఒక కిల్టు (మోకాళ్ళ దాకా వచ్చే లంగాలాంటి బట్ట) చుట్టుకుంటే వేషం పూర్తయినట్టే. ఆడవారు మాత్రం రంగులూ తళుకులూ పూసలూ వారాల తరబడి కూర్చుకుంటారు. (ఈకలూ గ్లిటరూ రాలి చెత్తవుతాయి కనుక తేవద్దని నిర్వాహకులే చెబుతారు, అది వేరే సంగతి.) పైగా అక్కడి నగ్న దేహాలను చిత్రీకరించి అమ్ముకున్న ఒక వీడియో కంపెనీ మీద 2002లో నిర్వాహకులు దావా వేయవలసి వచ్చింది. ఆ వీడియోలకు గిరాకీ ఎవరి ఒంటిని చూసి వచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. మగవాడికి దక్కేది ఎగతాళి. అది ఎడారితో పోతుంది. కెమెరాకు చిక్కిన స్త్రీ బొమ్మ ఆమె వెంట ఊరికి వస్తుంది.

నూలుపోగు:
కెమెరా సంగతి ఒప్పుకుంటున్నాను, గవ్వలపేరు గారూ. అలంకారమంటే నేను వేషమనే అనుకున్నాను గానీ ఎవరికి ఎంత పని పడుతోందో లెక్క చూడలేదు. చొక్కా విషయంలో మాత్రం నా మాట మారదు: ఎండ బాధే అయితే గొడుగు పట్టుకోవచ్చు.