తొమ్మిదో తరగతి: 20 మూలకాలు నోటికి వచ్చాయి, ఆవర్తన పట్టిక మాత్రం అర్థం కాలేదు

ప్రశ్న (కావలి)
మా వాడు హైడ్రోజన్ నుంచి కాల్షియం దాకా గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. సోడియం, పొటాషియం ఒకే నిలువు వరుసలో ఎందుకున్నాయంటే నోరు మెదపడు. పొటాషియం ఎలక్ట్రాన్ విన్యాసం, అంటే కేంద్రకం చుట్టూ ఉండే ఒక్కో కర్పరంలో (పొరలో) ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో రాయమంటే 2, 8, 9 అంటాడు. ఇంట్లో ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (ఒంగోలు)
2, 8, 9 రాశాడంటే పాఠం బాగానే విన్నాడు. మూడో కర్పరంలో 18 పడతాయి కదా, తొమ్మిదోది ఎందుకు పెట్టకూడదని వాడి లెక్క. ఈ ఇరవైలో దేనికీ బయటి కర్పరంలో 8 దాటవని చెప్పండి. అందుకే 19వ ఎలక్ట్రాన్ నాలుగో కర్పరానికి పోతుంది: 2, 8, 8, 1. మూడో కర్పరంలో మిగిలిన పది ఖాళీలూ స్కాండియం నుంచి జింకు దాకా నిండుతాయి. జింకు 2, 8, 18, 2 అని చూపిస్తే ఆ 18 ఎప్పుడొస్తుందో వాడికే తెలుస్తుంది.

తర్వాత పాత శుభలేఖలు కత్తిరించి 20 ముక్కలు చేయండి. ఒక్కోదాని మీద పరమాణు సంఖ్య, సంకేతం, విన్యాసం, అంతే. వేలెన్సీ (ఎన్ని బంధాలు కట్టగలదో) రాయొద్దు, అది వాడు చెప్పాలి. సంఖ్య ప్రకారం ఒకే వరుసగా పేర్చమనండి. కొత్త కర్పరం మొదలైన చోటల్లా తెంచి కింది వరుసలో పెట్టాలి. లిథియం, సోడియం, పొటాషియం దగ్గర తెగి 2, 8, 8, 2గా నాలుగు వరుసలొస్తాయి. ఆ మూడింటికీ చివర ఒక్క ఎలక్ట్రానే. మూడూ దాన్ని తేలిగ్గా వదిలేస్తాయి కాబట్టే గుణాలు కలుస్తాయి. మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

రెండు చోట్ల పిల్లలు తప్పుతారు. హీలియానికి చివర 2 ఉన్నాయని బెరీలియం నెత్తిన పెడతారు. మొదటి కర్పరం రెండుతోనే నిండిపోతుంది, హీలియం మామూలుగా దేనితోనూ కలవదు, కాబట్టి దాని చోటు నియాన్ పైన. రెండోది, బోరాన్‌ను 3వ గ్రూపు (నిలువు వరుస) అంటారు. బెరీలియానికీ బోరాన్‌కూ మధ్య పది నిలువు వరుసల ఖాళీ వదలండి. బోరాన్ చివరి ఎలక్ట్రాన్లు 3కి 10 కలిపితే 13వ గ్రూపు, క్లోరిన్ 7కి కలిపితే 17.

జవాబు (గూడూరు)
పేర్చాక చుట్టుపక్కల వస్తువులతో ముడిపెట్టండి. మా గూడూరు, సైదాపురం వైపు దొరికే తెల్ల మైకాలో పొటాషియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్, హైడ్రోజన్ ఉంటాయి, ఐదూ ఆ ఇరవైలోవే. రొయ్యల చెరువులకు చల్లే మినరల్స్‌లో కాల్షియం, మెగ్నీషియం రెండూ 2వ గ్రూపు.

సోడియం నీళ్లలో భగ్గుమంటుందని చదివి, మరి ఉప్పు ఎందుకు మండదని అడుగుతాడు. ఉప్పులో సోడియం తన ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఇచ్చేసి స్థిమితపడింది, ఇక నీళ్లతో పనిలేదు. కనిగిరి వైపు నీళ్ల సమస్యా అలాంటిదే. అది ఫ్లోరిన్ వాయువు కాదు, ఎలక్ట్రాన్ తీసుకున్న ఫ్లోరైడ్. కాల్షియం ఉన్న చోటును పట్టుకుంటుంది, అందుకే దెబ్బ పళ్లకు, ఎముకలకు తగులుతుంది.

జవాబు (నెల్లూరు)
ముక్కల వెనక పరమాణు భారం కూడా రాయండి. ఆర్గాన్ 39.9, పొటాషియం 39.1. భారం ప్రకారం పేర్చమంటే పొటాషియం వెళ్లి హీలియం, నియాన్ ఉన్న జడవాయువుల వరుసలో పడుతుంది. ఆ తప్పు వాడి చేత్తోనే జరగాలి. అప్పుడు 1913లో శాస్త్రవేత్త మోస్లే ఎక్స్‌రేలతో పరమాణు సంఖ్యను ఎందుకు ముందుకు తెచ్చాడో ఒక్క మాటలో ఎక్కుతుంది. 1869లో ఆవర్తన పట్టిక వేసిన మెండలీవ్ చేతిలో ఉన్నవి 63 మూలకాలే, అయినా గుణాలు కుదరని చోట ఖాళీ వదిలాడు. అల్యూమినియం కింద వదిలిన చోటికి 1875లో గాలియం వచ్చింది. అది దాదాపు 30 డిగ్రీలకే కరుగుతుంది, మన రోహిణి కార్తెలో బల్ల మీద ద్రవంగానే ఉంటుంది.

పరీక్ష కూడా అలాగే పెట్టండి. సిలికాన్ ముక్క దాచేసి, పైనున్న కార్బన్‌నూ పక్కనున్న అల్యూమినియం, ఫాస్ఫరస్‌లనూ చూసి చెప్పమనండి. భారం 27కీ 31కీ మధ్య 29 అంటాడు, అసలు 28.1. వేలెన్సీ 4, ఒక సిలికాన్‌కు నాలుగు క్లోరిన్లు అన్నాడంటే వాడికి పట్టిక వచ్చినట్టే.

ప్రశ్న అడిగినవారు
హైడ్రోజన్ ముక్క దగ్గర ఆగిపోయాడండీ. లోహం కాదు కదా, లిథియం పైన ఎందుకంటాడు.

జవాబు (ఒంగోలు)
సరిగ్గా అడిగాడు. చివర 1 ఉంది కాబట్టి అక్కడ పెట్టారు. ఇంకొకటి దొరికితే హీలియంలా నిండుతుంది కాబట్టి ఫ్లోరిన్ పైన పెట్టినా కొంత న్యాయమే. ఆ ముక్కను కాస్త ఎడంగా పెట్టుకోమనండి.