ప్రత్యేక శిబిరానికి విద్యార్థి నాయకులను ఎలా తయారుచేయాలి?

ప్రశ్న: అధ్యాపక మిత్రులకు నమస్కారం. మా డిగ్రీ కళాశాల ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ దసరా సెలవుల్లో దత్తత గ్రామంలో 7 రోజుల ప్రత్యేక శిబిరం నిర్వహించబోతోంది. ఈసారి బృందాల బాధ్యతను రెండో సంవత్సరం విద్యార్థులకే అప్పగించాలనుకుంటున్నాను. వారికి ముందుగా ఎలాంటి శిక్షణ ఇవ్వాలి?

సమాధానం 1: నాయకులుగా ఎంచుకున్న వారిని శిబిరానికి ముందే ఒకసారి ఊరికి తీసుకెళ్లండి. సర్పంచ్‌తో, ఆశా కార్యకర్తతో, అంగన్‌వాడీ టీచర్‌తో వారే మాట్లాడి, ఊరికి ఏ పని అవసరమో వారే రాసుకురావాలి. పత్తి తీసే రోజుల్లో ఉదయం పదింటికి సర్వే పత్రాలు పట్టుకుని వెళితే చాలా ఇళ్లకు తాళాలే కనిపిస్తాయి కాబట్టి, కూలి పనులు ముగించుకుని జనం ఇంటికి చేరే సాయంత్రం వేళకు సర్వేను మార్చుకోవాలన్న సంగతి వారికి అక్కడే అర్థమవుతుంది. ఉపన్యాసాలతో ఇది రాదు.

సమాధానం 2: పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తూ, భద్రత గురించి కూడా చెప్పదలచాను. పాము కాటేస్తే గాయాన్ని కోయకూడదని, కట్టు బిగించకూడదని, కాటుపడిన వ్యక్తిని నడిపించకుండా 108కి ఫోన్ చేయాలని నాయకులందరికీ కళాశాలలోనే అభ్యాసం చేయించండి. రోజూ రాత్రి భోజనాల తరువాత జరిగే సమీక్షను విద్యార్థులే నడపాలి. ప్రోగ్రామ్ ఆఫీసర్ (యూనిట్ బాధ్యత చూసే అధ్యాపకులు) చివర్లో మాత్రమే మాట్లాడాలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. ముందస్తు సందర్శనకు సర్పంచ్‌గారిని ఈ వారమే సంప్రదిస్తాను.