దీపపు ఎరలో పడ్డవి లద్దె పురుగులా, కత్తెర పురుగులా?

అందరికీ నమస్తే. మాది హన్మకొండ శివారు, చుట్టూ పత్తి, మక్క చేన్లు. పెరట్లో బకెట్ మీద బల్బు పెట్టి, లోపల కోడిగుడ్ల అట్టలు వేసి దీపపు ఎర కట్టాను. రెక్కల పురుగులు అట్టల సందుల్లో దూరి తెల్లారేదాకా కదలవు. ఫోటో తీసి చెట్ల నీడలో వదిలేస్తున్నాను.

శనగపచ్చ పురుగును గుర్తుపట్టగలను: ముందు రెక్క మీద కిడ్నీ ఆకారపు మచ్చ, వెనక రెక్క అంచున నల్లటి పట్టీ. చిక్కంతా పొగాకు లద్దె పురుగు, కత్తెర పురుగులతోనే. రెండింటి వెనక రెక్కలూ తెల్లగానే ఉంటాయి. కత్తెర పురుగులో మగదానికి ముందు రెక్క కొసన తెల్ల మచ్చ కనిపిస్తుంది, సరే. ఆడది మాత్రం మసక బూడిద రంగు. దాన్ని దేన్ని చూసి తేల్చాలి?

కత్తెర పురుగు మన దేశంలో బయటపడింది 2018లోనే. మక్క రైతుకు దానితో పెద్ద టెన్షన్. అందుకే తప్పు పేరు రాయడం నాకిష్టం లేదు. తేదీ, వాన, ఎన్ని పడ్డాయో రాస్తున్నాను. వెన్నెల రాత్రుల్లో ఎరకు తక్కువ వస్తాయి కాబట్టి అదీ రాస్తున్నాను. ఇంకేం రాయాలి? రెక్కల మీది పొలుసులు రాలినవాటిని, ఈ రెండింటికీ ఉమ్మడిదైన ‘స్పోడోప్టెరా’ అనే ప్రజాతి (జీనస్) పేరుతోనే వదిలేయవచ్చా? చంపకుండా తేల్చే దారి ఉంటే దయచేసి చెప్పండి.