ఫాంటమ్‌ను తెలుగులో ఏమందాం?

నెల్లూరులో రేడియేషన్ విభాగంలో పనిచేస్తున్నాను. రోగుల కోసం తెలుగులో కరపత్రం రాస్తూ 'ఫాంటమ్' అనే మాట దగ్గర ఆగిపోయాను. రేడియేషన్‌ను కొలవడానికి మనిషి బదులు వాడే నమూనా అది. నిఘంటువులో భూతం, మాయారూపం అని ఉంది. అసలే టెన్షన్‌తో వచ్చిన పెద్దామెకు 'ముందు భూతానికి ఇచ్చి చూస్తామమ్మా' అని ఎలా చెప్పేది?

ఏ అవయవానికి ఎంత రేడియేషన్ మోతాదు చేరుతుందో మనిషిని కోసి కొలవలేం కదా. అందుకే మనిషి ఆకారంలో మొండెం చేస్తారు. కండకు, ఎముకకు, ఊపిరితిత్తులకు వేర్వేరు పదార్థాలు వాడతారు. అవి రేడియేషన్‌ను ఆయా అవయవాల్లాగే పీల్చుకోవాలి. ర్యాండో అనే పాత రకం 2.5 సెంటీమీటర్ల మందం పలకలుగా విడిపోతుంది. పలకల చిల్లుల్లో లిథియం ఫ్లోరైడ్ బిళ్లలు పెట్టి రేడియేషన్ ఇస్తారు. తర్వాత ఆ బిళ్లల్ని వేడిచేస్తే వెలుగు వస్తుంది. ఎంత వెలుగో చూసి మోతాదు లెక్కగడతారు.

నాకు తోచింది దిష్టిబొమ్మ. మా పెన్నా ఒడ్డు చేలల్లో పైరు దిష్టి అదే తీసుకుంటుంది. ఇదీ మన బదులు నిలబడేదే.

ఒంగోలు నుంచి: దిష్టిబొమ్మ వద్దు, అన్నా. ధర్నాల్లో తగలబెట్టేదే గుర్తొస్తుంది. రేడియేషన్ అంటే కరెంటు పెట్టడమని, ఒళ్లు కాలుతుందని భయపడేవాళ్ల దగ్గర ఆ మాటా? బళ్లో కొలజాడీ, కొలపాత్ర అని చదువుకున్నాం. కొలబొమ్మ అనండి.

కావలి నుంచి: కొలబొమ్మ బాగుంది. కానీ ఇప్పుడు చాలా ఫాంటమ్‌లు కంప్యూటర్లోనే ఉంటాయి. 2009లో ఐసీఆర్పీ అనే అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంస్థ ఇచ్చిన స్త్రీ పురుష నమూనాలు అసలు మనుషుల స్కాన్ల నుంచి చేసినవే. తాకడానికి బొమ్మేదీ?

నెల్లూరు: అక్కడే తెలుగు మనకు అండ. చెక్కింది బొమ్మే, గీసింది బొమ్మే, తెరమీద ఆడేదీ బొమ్మే. 'ఈ వారం ఏ బొమ్మ వచ్చింది' అని సినిమాకే అంటాం. కంప్యూటర్లోదీ కొలబొమ్మే.

ఒంగోలు: ఒకటే అనుమానం. ఎవరి కొలత అది?

నెల్లూరు: మంచి ప్రశ్న. ఆ నమూనాల్లో మగమనిషి 176 సెంటీమీటర్లు, 73 కిలోలు. ఆడమనిషి 163, 60. మా అమ్మ 42 కిలోలు. ఆమెలాంటివాళ్లే మా దగ్గరికి ఎక్కువ వస్తారు. కరపత్రంలో ఇలా రాశాను: 'అమ్మా, మా మిషన్ సరిగా పనిచేస్తోందో లేదో కొలబొమ్మ మీద చూసుకుంటాం. మీకు ఎంత ఇవ్వాలో మాత్రం మీ సొంత స్కాన్ చూసే లెక్క వేస్తాం.'