ప్రొపెల్లర్ స్లిప్ ఎంతో ఎట్లా తేల్చేది?

ప్రశ్న (జమ్మలమడుగు నుంచి):
గండికోట రిజర్వాయర్‌లో మాకు ఔట్‌బోర్డ్ ఇంజిన్ పడవ ఉంది. ఫుల్ రేస్‌లో 5,200 ఆర్‌పీఎం, గేర్ నిష్పత్తి 2.08, ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకు లెక్క ప్రకారం ముందుకు పోవాల్సిన దూరం) 9 అంగుళాలు. ఫోన్ జీపీఎస్‌లో గంటకు 24 కి.మీ. దాటడం లేదు. స్లిప్ (లెక్క ప్రకారం రావాల్సిన వేగం కంటే నిజంగా తగ్గేది) ఎక్కువేనా?

జవాబు 1:
అన్నా, 5,200ను 2.08తో భాగిస్తే ప్రొపెల్లర్ నిమిషానికి 2,500 సార్లు తిరుగుతుంది. 9 అంగుళాలంటే 0.2286 మీటర్లు. హెచ్చిస్తే గంటకు 34.3 కి.మీ. వస్తుంది. నువ్వు పోయేది 24, అంటే స్లిప్ 30 శాతం. బరువు పడవకు మామూలే, తేలిక బోటుకైతే ఎక్కువ. సున్నా చేయాలని మాత్రం చూడొద్దు. నీళ్లను వెనక్కి తోస్తేనే కదా పడవ ముందుకు పోయేది.

జవాబు 2:
గాలికి ఎదురుగా ఒకసారి, గాలివాటున ఒకసారి పోయి సగటు తీయి. ఆర్‌పీఎం ప్లగ్ వైరుకు చుట్టే మీటర్‌తో చూసినావా? సెట్టింగ్ తప్పితే రెట్టింపో సగమో చూపిస్తుంది.

అడిగినవారు:
సెట్టింగ్ సరిగానే ఉందన్నా. మనుషులు ఎక్కితే ఇంజిన్ ఒకటే అరుస్తుంది, పడవ మాత్రం ఊపందుకోదు. అదే టెన్షన్.

జవాబు 2:
అయితే హబ్ (ప్రొపెల్లర్ నడిమి భాగం) లోపలి రబ్బరు బుష్ చూడు, ఇంజిన్ తిప్పేది ప్రొపెల్లర్‌కు అందేది దాని ద్వారానే. ఇంజిన్ ఆపి, ప్లగ్ వైరు పీకినాకే ప్రొపెల్లర్ మీద చెయ్యి వెయ్యి. హబ్‌కూ లోపలి స్లీవ్‌కూ కలిపి పెయింట్‌తో ఒక గీత గీయి. వైరు పెట్టి, లోడుతో ఒక రౌండ్ వేసి రా. గీత విడిపోతే బుష్ జారుతోందని అర్థం.